రెండు యూనిట్ల ఎర్ర రక్తకణాలు ఒకేసారి ఇస్తే మేలు రెట్టింపవుతుందా?

ప్రశ్న: హనుమకొండ నివాసి

నా వయసు 38 ఏళ్లు, బరువు 76 కిలోలు, రక్తం ఓ పాజిటివ్. కొన్నేళ్లుగా ఏటా రెండు మూడు సార్లు రక్తం ఇస్తున్నాను. డాలస్‌లో ఉంటున్న మా తమ్ముడు మొన్న ఫోన్ చేసి, అక్కడ యంత్రం ద్వారా రెండు యూనిట్ల ఎర్రకణాలు ఒకేసారి ఇచ్చి వచ్చానని, ప్లాస్మాను, ప్లేట్‌లెట్లను మళ్లీ తన ఒంట్లోకే ఎక్కించారని చెప్పాడు. అది విన్నప్పటి నుంచి మా అమ్మ "పిల్లగాని ఒంట్లో రక్తం సగమైపోయింది" అని బెంగపెట్టుకున్నది. నాకైతే ఇక్కడ కూడా అలాగే ఇవ్వాలనిపిస్తున్నది. ఇందులో ప్రమాదమేమైనా ఉన్నదా? ఉపయోగం నిజంగా రెట్టింపవుతుందా?

జవాబు: కరీంనగర్ నుంచి వచ్చి అమెరికాలో ఉంటున్నవాడిని

అన్నా, నేను ఇక్కడ రెండుసార్లు ఇచ్చాను. పక్కనే యంత్రం గిర్రున తిరుగుతూ రక్తాన్ని వేరు చేస్తుంటుంది, మిగిలిన భాగం సెలైన్‌తో కలిసి అదే సూది గుండా వెనక్కి వస్తుంది. అలా వచ్చే ప్రతిసారీ మోచేతి దగ్గర చల్లగా తగులుతుంది. రక్తం గడ్డకట్టకుండా కలిపే సిట్రేట్ వల్ల కాసేపు పెదవులు జివ్వుమన్నాయి. ఆ మాట చెప్పగానే క్యాల్షియం బిళ్లలు ఇచ్చారు. మామూలు రక్తదానం కంటే అరగంట ఎక్కువ పట్టింది. ఇక్కడి రెడ్‌క్రాస్ మగవాళ్లకు కనీసం 5 అడుగుల 1 అంగుళం ఎత్తు, దాదాపు 59 కిలోల బరువు, ఆడవాళ్లకు అంతకన్నా ఎక్కువ ఎత్తు, దాదాపు 68 కిలోలు ఉండాలంటుంది.

జవాబు: రక్తకేంద్రం టెక్నీషియన్, వరంగల్

ముందుగా అమ్మగారికి ధైర్యం చెప్పండి. మీ అంత బరువున్న మనిషిలో ఐదు లీటర్లకు పైగా రక్తం ఉంటుంది. రెండు యూనిట్లంటే తీసేది సుమారు 360 మిల్లీలీటర్ల ఎర్రకణాలే కాబట్టి సగమయ్యే ప్రసక్తి లేదు.

ఇక రెట్టింపు సంగతి. అమెరికాలో మామూలు రక్తదానానికి 56 రోజుల విరామం ఉంటే, దీనికి 112 రోజులు. లెక్క కడితే ఏడాదికి ఇచ్చే ఎర్రకణాలు ఎటు తిరిగీ అంతే, సూదిపోటు సగమవుతుంది. అయినా వాళ్లు దీన్ని ఎందుకు ఎంచుకున్నారంటే, ఒక్క దాతకు చేసిన పరీక్షలతోనే రెండు సంచులు సిద్ధమవుతాయి, రెండు యూనిట్లు కావలసిన రోగికి ఇద్దరి రక్తానికి బదులు ఒక్కరిదే ఎక్కించే వీలుంటుంది. ఓ గ్రూపు వాళ్లనూ, నెగెటివ్ గ్రూపుల వాళ్లనూ అక్కడ ప్రత్యేకంగా దీనికే పిలవడం కూడా అందుకే.

దాత వైపు నుంచి చూడవలసింది ఇనుము. ఒక్కో యూనిట్‌తో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. రెండు యూనిట్లంటే అరగ్రాము దాకా పోయినట్టే, అది తిండితో తిరిగి చేరడానికి నెలలు పడుతుంది. మనవాళ్లు అన్నం తినగానే చాయ్ తాగుతారు, ఆ అలవాటు ఆ కొంచెం ఇనుమునూ ఒంటికి పట్టనివ్వదు.

మేము పనిచేసే చోట ఎఫెరిసిస్ యంత్రాన్ని, అంటే రక్తాన్ని భాగాలుగా వేరు చేసే ఆ యంత్రాన్నే, ప్లేట్‌లెట్ల కోసమే వాడుతున్నాం. ఒకసారి వాడి పారవేసే దాని కిట్ ఖరీదు వేలల్లో ఉంటుంది. మీరు మామూలుగా ఇచ్చే ఒక్క సంచి నుంచి ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లు మూడూ విడదీయవచ్చు. డెంగీ రోజుల్లో ఆ మూడో భాగం విలువ ఏమిటో వార్డుల ముందు నిలబడిన వాళ్లకు తెలుసు. మన నిబంధనల ప్రకారం పురుషులు 90 రోజులకు, స్త్రీలు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. వేలి నుంచి తీసిన చుక్కను నీలిరంగు కాపర్ సల్ఫేట్‌లో వేసినప్పుడు అది మునిగితేనే మిమ్మల్ని మంచం ఎక్కిస్తాం.

జవాబు: తలసేమియా ఉన్న పాప తల్లిని, జనగామ

అన్నగారూ, మా పాపకు ఏడేళ్లు. తలసేమియా అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు, అందుకే మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఎర్రకణాలు ఫ్రిజ్‌లో గరిష్ఠంగా 42 రోజులే నిలుస్తాయి, అందులోనూ ఇలాంటి పిల్లలకు వీలైనంత తాజా రక్తమే ఇవ్వాలని డాక్టరు అంటారు. అందుకే ఒకే రోజు వచ్చే రెండు సంచుల కన్నా, వేర్వేరు నెలల్లో వచ్చే ఒక్కొక్క సంచే మాకు ఎక్కువ అక్కర. రక్తదాన దినాలని అక్టోబరు 1న, జూన్ 14న శిబిరాలు పెడతారు, దాతలు వరుస కడతారు. మే నెలలో కాలేజీలకు సెలవులు, ఎండలు. నిరుడు ఆ నెలలో పాప పెదవులు తెల్లబడి, మెట్లెక్కలేక మధ్యలోనే కూర్చున్న రోజున నేను పదకొండు మందికి ఫోన్ చేశాను.

ప్రశ్న అడిగినవారు

టెక్నీషియన్ గారూ, అమ్మకు మీ జవాబు చదివి వినిపించాను. తమ్ముణ్ని అన్నం తర్వాత చాయ్ మానమని చెప్పడానికి ఇప్పుడే ఫోన్ అందుకున్నది. జనగామ అమ్మగారూ, నేను కిందటిసారి ఇచ్చింది ఫిబ్రవరి 9న. మే 10కి 90 రోజులు నిండుతాయి. పాప గ్రూపు ఏదో, ఆ వారంలో ఎక్కించే తేదీ ఎప్పుడో నాకు విడిగా సందేశం పంపండి.