తెలుగు మీడియం నుంచి వెళ్ళి ఐఐటీ జామ్ మ్యాథ్స్ రాసినవాళ్ళు ఉన్నారా?

పాలమూరు_లెక్కలు:

అక్కలకూ అన్నలకూ నమస్తే. నేను డిగ్రీ రెండో సంవత్సరం, ఎంపీసీఎస్ (మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్). మూడో సెమిస్టర్ పరీక్షలు మొన్ననే అయిపోయాయి. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. డిగ్రీలో పేరుకు ఇంగ్లిష్ మీడియం. సార్ బోర్డు మీద ఇంగ్లిష్‌లో రాసి తెలుగులో చెప్తారు కాబట్టి బతికిపోతున్నాను.

పోయిన వారం లైబ్రరీలో ఎవరో సీనియర్ పాత జామ్ (ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటు కోసం రాసే ప్రవేశ పరీక్ష) పేపర్ ప్రింటు మర్చిపోయి వెళ్ళారు. తీసి చదివాను. లెక్క తెలిసిందే అనిపిస్తోంది, ఏం అడుగుతున్నాడో మాత్రం మూడుసార్లు చదివినా అర్థం కాలేదు. అవధి, అవిచ్ఛిన్నత, అభిసరణ అంటే నిద్రలో లేపి అడిగినా చెప్తాను. లిమిట్, కంటిన్యుటీ, కన్వర్జెన్స్ అంటే ఒక్క క్షణం ఆగాలి.

నాన్నది పంక్చర్ షాపు. హైదరాబాద్‌లో కోచింగ్ అంటే ఇంట్లో అడగను కూడా. ముందు స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరి, అది వచ్చాక జామ్ మొదలుపెట్టాలా? ఫైనల్ ఇయర్ ఫిబ్రవరిలో రాయాలంటే ఇంకా పద్నాలుగు నెలలు ఉంది. టెన్షన్‌గా ఉంది.

వెనకబెంచి:

పేపర్ ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, తెలుగు రాదు. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. ఎ సెక్షన్‌లో 30 ప్రశ్నలు, ఒక్కటే సరైన జవాబు, తప్పు పెడితే ఆ ప్రశ్న మార్కులో మూడో వంతు కోత. బి సెక్షన్‌లో 10, ఒకటికి మించి సరైనవి ఉండొచ్చు. నెగెటివ్ లేదు, కానీ సరైనవన్నీ పెడితేనే 2 మార్కులు, సగం సగం ఇవ్వరు. సి సెక్షన్‌లో 20, ఆప్షన్లు ఉండవు, జవాబు నంబరు టైప్ చేయాలి, నెగెటివ్ లేదు. కాలిక్యులేటర్ స్క్రీన్ మీదే ఉంటుంది. ఆడపిల్లలకు ఫీజు సగమే. నువ్వు సి సెక్షన్‌తో మొదలుపెట్టు, అక్కడ ఇంగ్లిష్ తక్కువ, లెక్క ఎక్కువ.

నారాయణపేట_పిల్ల:

చెల్లీ, స్పోకెన్ ఇంగ్లిష్ జోలికి పోకు. నేను పోయాను. డిగ్రీ రెండో ఏడు వేసవి సెలవులన్నీ ఒక ఇన్‌స్టిట్యూట్‌లో రోజూ నిలబడి నా హాబీల గురించి మాట్లాడాను. జామ్ పేపర్‌లో నా హాబీలు ఎవరూ అడగలేదు.

నాదీ తెలుగు మీడియమే. మొదటిసారి క్వాలిఫై కాలేదు. ఏడాది ఇంట్లో ఉండి రెండోసారి రాశాను, వచ్చింది. ఇప్పుడు ఒక ఐఐటీలో ఎమ్మెస్సీ రెండో ఏడు. ఆ ఏడాదిలో నేను కొత్తగా నేర్చుకున్న గణితం నిజం చెప్తే కొంచెమే.

పరీక్ష అయ్యాక మనం పెట్టిన జవాబులు వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. వాటిని కీతో పోల్చుకుంటూ ఒక రాత్రంతా కూర్చున్నాను. నేను భయపడిన పెద్ద మాటల దగ్గర ఒక్క మార్కూ పోలేదు. వాటి అర్థం నీకు తెలుగులో ఎప్పుడో వచ్చేసింది కాబట్టి పేరు మార్చుకోవడానికి నెల చాలు. నేను పడింది చిన్న మాటల దగ్గర. ఎట్ మోస్ట్, ఎట్ లీస్ట్, ఓన్లీ ఇఫ్, అన్‌లెస్, ఫర్ ఆల్, దేర్ ఎగ్జిస్ట్స్. 'ఎట్ మోస్ట్ టూ' అంటే మహా అయితే రెండు. ఒకటే ఉన్నా, అసలు లేకపోయినా ఆ మాట నిజమే. నేనేమో రెండు ఉండి తీరాలి అనుకున్నాను. బి సెక్షన్‌లో ఇలాంటివే మూడు పోయాయి. ఆరు మార్కులు!

అప్పుడు ఒక నోట్‌బుక్ పెట్టాను. ఎడమ పేజీలో పాత పేపర్ నుంచి ఒక వాక్యం ఇంగ్లిష్‌లో ఉన్నదున్నట్టు. కుడి పేజీలో అదే మా అమ్మకు చెప్తే ఎలా చెప్తానో అలా తెలుగులో. ఉదాహరణకు, ప్రతి తాళానికీ ఒక తాళంచెవి ఉంది అనడం వేరు, అన్ని తాళాలకూ పట్టే తాళంచెవి ఒకటుంది అనడం వేరు. మొదటిది హాస్టల్ పద్ధతి, రెండోది దొంగల పద్ధతి. ఎప్సిలాన్ (విలువలో ఎంత తేడా ఒప్పుకుంటామో అది) ఇచ్చాక ఒక్కో బిందువుకు ఒక్కో డెల్టా (బిందువు నుంచి ఎంత దూరం జరగొచ్చో అది) దొరికితే అది మామూలు కంటిన్యుటీ. అన్ని బిందువులకూ ఒకే డెల్టా సరిపోతే యూనిఫామ్ కంటిన్యుటీ. ఎక్స్ స్క్వేర్‌ని వాస్తవ సంఖ్యలన్నిటి మీదా తీసుకుంటే మొదటిది అవుతుంది, రెండోది కాదు. క్లాసులో ఆర్నెల్లు బట్టీ పట్టినా ఎక్కనిది నాకు తాళాలతో ఎక్కింది.

దాని కింద, ఆ వాక్యం ఎక్కడ తప్పుతుందో ఒక ఉదాహరణ. పరిబద్ధమైనా (హద్దులు దాటకపోయినా) అభిసరించని (ఏ ఒక్క విలువకూ చేరువ కాని) అనుక్రమం: మైనస్ 1, 1, మైనస్ 1, 1. సున్నా దగ్గర అవిచ్ఛిన్నమైనా అవకలనీయం (డిఫరెన్షియబుల్) కానిది: మాడ్ ఎక్స్. పదాలు సున్నాకు వెళ్తున్నా అపసరించే శ్రేణి: 1, అర, మూడో వంతు, పావు అలా కూడుకుంటూ పోయేది. ఇవి పోపుల డబ్బాలో దినుసుల్లాగా చూడకుండానే చేతికి తగలాలి. బి సెక్షన్ సగం వీటితోనే అయిపోతుంది.

పాత పేపర్లు జామ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చివరి రెండేళ్ళవి ఇప్పుడు ముట్టుకోకు, ఫైనల్ ఇయర్ జనవరిలో టైమ్ పెట్టుకుని రాయి. తెలుగు అకాడమీ పుస్తకాలు మాత్రం అమ్మేయకు, నావి ఇప్పటికీ హాస్టల్ గదిలో ఉన్నాయి.

పాతకాలపు_లెక్చరర్:

అమ్మా, జామ్ ఒక్కదాని మీదే కూర్చోవద్దు. తెలంగాణ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ కూడా రాయి. అక్కడ 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు నిమిషం కూడా ఉండదు. ఆ వేగం వేరు, చివరి రెండు నెలలు దానికి విడిగా సాధన కావాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ (సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. వరంగల్ ఎన్ఐటీకి మాత్రం జామ్ స్కోరే పనికొస్తుంది.

ఇంకొకటి. ఎంటీటీఎస్ అని వేసవిలో నాలుగు వారాల గణిత శిబిరం ఉంది. ప్రొఫెసర్ ఎస్. కుమరేశన్ 1993లో మొదలుపెట్టారు, ఆయన తరవాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ పాఠాలు చెప్పారు. డిగ్రీ రెండో ఏడు పిల్లలకు లెవెల్ ఓ. అక్కడ జవాబు చెప్పగానే వదలరు, ఎందుకు అని మళ్ళీ అడుగుతారు. నోటిఫికేషన్ కోసం ఇప్పటి నుంచే చూస్తూ ఉండు.

పై అమ్మాయి చెప్పిన నోట్‌బుక్ మంచిదే. కానీ నిరూపణలు మాత్రం మొదటి నుంచీ ఇంగ్లిష్‌లో రాయడం అలవాటు చేసుకో.

నారాయణపేట_పిల్ల:

సార్ చెప్పింది నేను చేయలేదు. జామ్‌లో నిరూపణ రాయక్కర్లేదు కదా అని వదిలేశాను. ఎమ్మెస్సీ మొదటి మిడ్‌లో నాకు 30కి 7 వచ్చాయి.

పాలమూరు_లెక్కలు:

థాంక్స్ అక్కా, థాంక్స్ సార్. రాత్రే నోట్‌బుక్ మొదలుపెట్టాను, నాలుగు వాక్యాలు అయ్యాయి. ఒకటి చూడండి. 'నాట్ ఎవ్రీ బౌండెడ్ సీక్వెన్స్ ఈజ్ కన్వర్జెంట్'. దీన్ని 'ఏ పరిబద్ధ అనుక్రమమూ అభిసరించదు' అని రాశాను. సరేనా?

నారాయణపేట_పిల్ల:

కాదు చెల్లీ, ఇక్కడే నేనూ పడ్డాను. నువ్వు రాసినదానికి అర్థం ఒక్కటి కూడా అభిసరించదని. 1, 1, 1 అని పోయే అనుక్రమం పరిబద్ధమే, అభిసరిస్తుంది కూడా, అంటే నీ వాక్యం తప్పు. 'పరిబద్ధమైన ప్రతి అనుక్రమమూ అభిసరించాలని లేదు' అని రాయి. ఇందులో నీ తప్పు కంటే మన మాట తీరు ఎక్కువ. 'పెళ్ళికి అందరూ రాలేదు' అంటే ఎవరూ రాలేదనీ అనుకోవచ్చు, కొందరే వచ్చారనీ అనుకోవచ్చు. అందుకే ఇంగ్లిష్‌లో నాట్ ఎక్కడ ఉందో చూసి దాని కింద ఎర్ర పెన్నుతో గీత పెట్టు.

మిగతా మూడూ ఇక్కడే పెట్టు, చూస్తాను. ఈ వారం నాకు సెమినార్ ఉంది, ఆలస్యమైతే గుర్తు చెయ్.