ఓవెన్ లేని హోటల్ గదిలో బేకరీ బ్రెడ్ రెండో రోజుకి నిలిచేదెలా?

విదేశీ ప్రయాణంలో తిండి ఖర్చు తగ్గించుకోవడానికి, బేకరీ మూసే ముందు సగం ధరకి ఇచ్చే 500 గ్రాముల బ్రెడ్ కొని ఇద్దరం రెండు రోజులు తింటున్నాం. ముక్కలు కోయించని, పైపొర కరకరలాడే రకం. పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్ మాత్రమే. నూనె, వెన్న లేవు కాబట్టి త్వరగా గట్టిపడుతుందని తెలుసు. కానీ 12 గంటలు కూడా ఆగడం లేదు.

కాగితం సంచిలో ఉంచితే కోసిన వైపు నుంచి లోపలిదాకా ఎండిపోయింది. ప్లాస్టిక్ సంచిలో కడితే లోపల మెత్తగానే ఉంది గానీ, తేమ పైకి చేరి పైపొర రబ్బరులా సాగింది. ఫ్రిజ్ అన్నిటికన్నా అధ్వానం: 4 డిగ్రీల దగ్గర బ్రెడ్‌లోని పిండిపదార్థం బయటికన్నా వేగంగా బిగుసుకుంటుంది. నీళ్లు చల్లి మైక్రోవేవ్‌లో 20 సెకన్లు పెడితే వేడి మీద మెత్తబడి, చల్లారగానే తోలులా అయింది. కోసిన వైపు బల్ల మీద బోర్లించి బట్ట కప్పితే కొంత నయం, అదీ అర్ధరాత్రి వరకే.

గదిలో ఉన్నవి కెటిల్, మైక్రోవేవ్, ఫ్రీజర్ లేని చిన్న ఫ్రిజ్. మర్నాడు ఉదయానికి లోపల మెత్తగా, పైన కరకరలాడుతూ ఉండాలంటే ఈ బ్రెడ్‌ను రాత్రి ఎలా నిల్వ ఉంచాలి?