పోస్ట్‌గ్రెస్ తీసేశాను, పూర్తిగా పోయిందని రాసివ్వొచ్చా?

కొత్త_అడ్మిన్: ఉబుంటు సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ తీసేయమన్నారు. యాప్ట్ (ప్యాకేజీలు పెట్టే, తీసే టూల్) రిమూవ్ కొట్టాను, ఎర్రర్ ఏమీ రాలేదు. "పూర్తిగా తీసేశాం" అని మెయిల్ పెట్టమంటున్నారు మేనేజర్ గారు. పెట్టేయనా?

గోదారి_అడ్మిన్: ఆగండి. డీపీకేజీ (యాప్ట్ వెనకాల ప్యాకేజీల లెక్క ఉంచే టూల్) లిస్టు తీసి పోస్ట్‌గ్రెస్ లైన్ మొదట్లో చూడండి. ఆర్‌సీ అని ఉంటే ప్యాకేజీ పోయింది గానీ కాన్ఫిగ్ (సెట్టింగ్స్) ఫైళ్లు మిగిలాయని. పర్జ్ (వాటితో సహా తీసేసే కమాండ్) కొడితే ఆ లైనూ పోతుంది. అంతే.

నైట్‌షిఫ్ట్: అంతే అంటే ఎలా సార్? డీపీకేజీకి తాను పెట్టిన ఫైళ్లే తెలుసు. మా పాత ఆఫీసులో ఒక మానిటరింగ్ ఏజెంటును ఎవరో స్క్రిప్టుతో స్లాష్ ఆప్ట్ ఫోల్డర్‌లో పెట్టారు. ఫోల్డర్ తీసేసి పోయిందని రాసిచ్చాను. క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపేది) ఒక లైన్ ఉండిపోయింది, అది అయిదు నిమిషాలకోసారి దాన్ని మళ్లీ దించుకుని నడిపిస్తోంది. రాత్రి రెండున్నరకు ఫోన్, తిట్లు తిన్నది నేను.

గోదారి_అడ్మిన్: అది స్క్రిప్టుతో పెట్టినవాళ్ల తప్పు. ఇక్కడ అడిగింది యాప్ట్ గురించి.

నైట్‌షిఫ్ట్: ఎవరి తప్పైతేనేం, మెయిల్ కింద పేరు నాది!

లక్ష్మి_డీబీఏ: ఇద్దరూ డేటా మాట ఎత్తరేంటి? పర్జ్ కొడితే డేటా డైరెక్టరీలు కూడా తీసేయాలా అని పెట్టె వస్తుంది. మా టీమ్‌లో ఒకబ్బాయి చదవకుండా ఎంటర్ నొక్కాడు, బ్యాకప్ లేదు. ముందు డంప్ (డేటా కాపీ) తీసుకోండి తమ్ముడూ.

గోదారి_అడ్మిన్: మేడమ్, నేను ఒక్కడినే నలభై సర్వర్లు చూస్తున్నాను. ఒక్కోదానికి క్రాన్, పోర్టు, యూజర్లు, సిస్టమ్‌డీ యూనిట్లు (సర్వీసులు నడిపే ఫైళ్లు) అన్నీ వెతుకుతూ కూర్చుంటే మిగతా పని ఎవరు చేస్తారు? డీపీకేజీ లేదంటే లేదనే నమ్ముతాను.

నైట్‌షిఫ్ట్: అలా చెప్పండి. మీరు కమాండ్ పని చేసిందా అని చూస్తున్నారు. రేపు అడిగితే జవాబు చెప్పగలనా అన్నది నా బాధ. అన్నీ చూసే టైమ్ లేకపోతే "ప్యాకేజీ తీసేశాం, ఇవి మాత్రమే చూశాం" అని రాయండి, "పూర్తిగా" అని రాయకండి.

గోదారి_అడ్మిన్: ఆ మాట రాయమనేది పైవాళ్లు. నేను కాదు.

కొత్త_అడ్మిన్: అన్నా, ఎస్‌ఎస్ (తెరిచి ఉన్న పోర్టులు చూపే కమాండ్) కొట్టి చూశాను. పోస్ట్‌గ్రెస్ మామూలుగా వాడే 5432 పోర్టు ఇంకా తెరిచే ఉంది, ప్రాసెస్ పేరు డాకర్ ప్రాక్సీ అని చూపిస్తోంది. డాకర్ పీఎస్ కొడితే, యాప్ట్‌తో సంబంధం లేకుండా డాకర్ కంటైనర్‌లో (విడిగా నడిచే డబ్బాలాంటిది) ఇంకో పోస్ట్‌గ్రెస్ నడుస్తోంది. మిగిలిన కాన్ఫిగ్ ఫైల్ తెరిస్తే నేను తీసేసినది 5433 మీద ఉండేదని తెలిసింది.

లక్ష్మి_డీబీఏ: 5432 అప్పటికే వాడుకలో ఉంటే యాప్ట్‌తో పెట్టిన పోస్ట్‌గ్రెస్ తర్వాతి ఖాళీ పోర్టు తీసుకుంటుంది. వెంటనే పర్జ్ చేసి, ఆ పెట్టెలో సరే అని ఉంటే ఈ ఆధారం కూడా పోయేది. ఆ కంటైనర్‌కు ఏ అప్లికేషన్ కనెక్ట్ అవుతోందో చూశారా?

కొత్త_అడ్మిన్: బిల్లింగ్ అప్లికేషన్ మేడమ్. తీసేయమన్నది ఈ రెండింట్లో దేన్నో టికెట్‌లో లేదు. మెయిల్ ఆపేశాను, అడగడానికి వెళ్తున్నాను.