సుగ్గికి పోవడాన్ని వాతావరణ వలస అనొచ్చా?

ప్రాజెక్టు_తిప్పలు:
అందరికీ నమస్తే. పీజీ ప్రాజెక్టుకి వలస, వాతావరణ మార్పు, సుస్థిరాభివృద్ధి అనే టాపిక్ తీసుకున్నా. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా గుంటూరు మిర్చి కోతలకి పోతారు కదా, అక్కడ సుగ్గికి పోవడం అంటారు, దాని మీద చేద్దామని. 2050 నాటికి 21.6 కోట్ల మంది దాకా సొంత దేశాల్లోనే వలస పోవాల్సి రావొచ్చని ప్రపంచ బ్యాంకు 2021 రిపోర్టులో చదివాను. మా గైడేమో అంకెలు ఎక్కడివి అంటున్నారు. సెన్సస్ సరిపోతుందా? ఇంటింటికీ పోయి అడగాలంటే ఏం అడగాలి?

నల్లరేగడి:
మాది ఆ తట్టే. ఫస్టు, ఊళ్లోకి పోయి వాతావరణం అనే మాట ఎత్తొద్దు తమ్ముడూ, ఎత్తితే నువ్వు ఏం వినాలనుకుంటున్నావో అదే చెప్తారు, వానల్లేవు సార్ అని. వానొచ్చిన ఏడు కూడా సుగ్గికి పోతారు మావాళ్లు. పత్తి అయిపోయినాక సంక్రాంతికి అటూ ఇటుగా ఇంటికి తాళమేసి బియ్యం, గిన్నెలు, పిల్లల్ని బండికి ఎక్కించుకుని పోయి ఉగాదికి వస్తారు. ఎందుకంటే అప్పు, మళ్లీ ఎందుకంటే కాలవ. తుంగభద్ర డ్యాం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడిక పడి ఇప్పుడు 105 దగ్గరుంది, ఎల్లెల్సీ, అంటే డ్యాం దిగువ కాలవ, దాని చివర ఉన్నోడికి నీళ్లు వచ్చినప్పుడే వచ్చినట్టు. 2024 ఆగస్టులో వానలు బాగా పడి డ్యాం నిండిన టైంలోనే 19వ గేటు కొట్టుకుపోయింది, చానా నీళ్లు ఏట్లోకి పోయినాయి. దీన్ని ఏ ఖాతాలో రాస్తావు?

లెక్కల_మనిషి:
సెన్సస్ ఒక్కటే పెట్టుకుంటే మునుగుతావు. 2011లో జనాభా లెక్కలు ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా తీశారు, అంటే పైన అన్న చెప్పిన జనం మిర్చి చేలల్లో ఉండే టైము. అదీగాక పుట్టిన ఊరు, ఇంతకుముందున్న ఊరు అడుగుతారు గానీ ఏటా పోయొచ్చే తిరుగుడు అందులో దొరకదు. 2007-08 ఎన్ఎస్ఎస్ (జాతీయ నమూనా) సర్వేలో నెల నుంచి ఆరు నెలల లోపు పని కోసం బయట ఉన్నవాళ్లని విడిగా అడిగారు, అది చూడు. కానీ శాంపిల్ సర్వే కాబట్టి ఊరి స్థాయిలో ఏమీ తేలదు, మండలం వానల లెక్కల పక్కన బడి హాజరు పట్టీలు పెట్టి చూడు, ఏ నెలలో పిల్లలు మాయమవుతున్నారో తెలిసిపోద్ది.

మిర్చి_రైతు:
మాది గుంటూరు వైపు. మీరంతా పోయేవాళ్ల ఊరే చూస్తున్నారు, వచ్చే ఊరు కూడా చూడాలి కదండీ. 2021లో నల్ల తామర పురుగు పడి మా చేలు ఎర్రగా మాడిపోయినయ్, కాయే లేకపోతే కోసేదేముంది, పంట మాది పోయింది, కూలి వాళ్లకి పోయింది. అక్కడ కరువని వచ్చినోళ్లకి ఇక్కడ పురుగు ఎదురైతే ఎటు పోవాలి చెప్పండి.

ప్రాజెక్టు_తిప్పలు:
ఇది అసలు తట్టలేదండీ, థ్యాంక్యూ. మరి ఉపాధి హామీ పని ఉంటే ఆగరా?

నల్లరేగడి:
ఆ పనిరోజులు ఇంటికంతటికీ కలిపి, మనిషికి కాదు. మిర్చికాడ కిలో లెక్కన ఇంట్లో నలుగురూ కోస్తారు, ఉగాదికి డబ్బు ఒక్క దెబ్బకి చేతికొస్తాది, దాంతో అప్పోడి నోరు మూయొచ్చు. ఎవురు పోయినారని కాదు, ఎవురు పోలేకపోయినారో కూడా అడుగు, నడుము పడిపోయినోళ్లు, బాలింతలు, వాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. ఇప్పుడే వస్తే మాత్రం తాళాలు, అరుగు మీద ముసలోళ్లు తప్ప ఎవురూ దొరకరు. పండగైనాక రా, మా ఇంట్లో దిగుదువు.