పిల్లలకి తెలుగులో సైన్స్, ప్రకృతి కార్యక్రమాలు ఏవి చూపిస్తున్నారు? ఇంట్లో పెద్దవాళ్ళు చూసే హెల్త్ షోల సంగతేంటి?

తణుకు_అమ్మ:

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా బాబుకి తొమ్మిదేళ్ళు. బడి ఇంగ్లీష్ మీడియం అయినా ఇంట్లో అంతా తెలుగే. సాయంత్రం రాగానే జంతువుల చానెల్ పెట్టి, రిమోట్‌లో భాష తెలుగులోకి మార్చుకుని చూస్తాడు. కార్టూన్ల కన్నా నయం కదా అని నేనూ ఊరుకున్నాను. కానీ పోయిన ఆదివారం కాలవ గట్టు మీద నడుస్తుంటే తాటిచెట్టుకి గిజిగాడి గూళ్ళు వేలాడుతున్నాయి, అవి చూసి "అమ్మా, ఆ సంచులు ఎవరు కట్టారు?" అన్నాడు. ఆఫ్రికాలో చీతా గంటకి ఎన్ని కిలోమీటర్లు పరిగెడుతుందో చెప్తాడు, మన కాలవ గట్టు పిట్ట పేరు తెలియదు. నాకు చాలా బాధేసింది. వాడు నిజంగా ఏమైనా నేర్చుకుంటున్నాడా, ఊరికే బొమ్మలు చూస్తున్నాడా?

రెండోది మా మామయ్యగారి గురించి. ఆయనకి పన్నెండేళ్ళ నుంచి షుగర్. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆరోగ్య కార్యక్రమాలు చూస్తారు. కొన్ని మంచివే, మేమూ చూస్తాం. అయితే నెల క్రితం ఒక చానెల్లో తెల్లకోటు వేసుకున్నాయన ఏదో పొడి వాడితే షుగర్ మూలం నుంచి పోతుందని అరగంట చెప్పాడు. ఈయన ఆ నంబరుకి ఫోన్ చేసి తెప్పించుకుని, మాకు చెప్పకుండా బిళ్ళలు మానేశారు. మూడో వారానికి కళ్ళు తిరిగి పడిపోతే చూపించాం, షుగర్ 400 దాటింది. ఇప్పుడు బాగానే ఉన్నారు కానీ ఇప్పటికీ "టీవీలో డాక్టరే చెప్పాడు కదమ్మా" అంటారు. పెద్దాయన, గట్టిగా అనలేం. మీ ఇళ్ళల్లో ఏం చేస్తున్నారో చెప్పండి.

పాత_మాస్టారు:

అమ్మా, నేను రిటైరైన సైన్స్ టీచర్ని. నీ మొదటి ప్రశ్నకి నా చిన్నప్పటి సంగతి చెప్తాను, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదువు.

1975 ఆగస్టులో సైట్ అని ఒక ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 శాటిలైట్‌ని ఏడాదిపాటు తీసుకుని, మన ఇస్రో వాళ్ళు ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెల్లో టీవీలు పెట్టారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి, మా ఊరు ఒకటి. అప్పటికి హైదరాబాదులో కూడా దూరదర్శన్ కేంద్రం రాలేదు, అది 1977లో వచ్చింది. కోళ్ళ గూటికి కొట్టే లాంటి ఇనప వలతో చేసిన పది అడుగుల గొడుగు లాంటి యాంటెనా బడి దగ్గర నిలబెట్టారు. పొద్దున పిల్లలకి గంటన్నర, సాయంత్రం పెద్దలకి వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. ఊరంతా నేల మీద కూర్చునేది. ఇంకో విశేషం, మాకూ కర్ణాటక వాళ్ళకీ కలిపి వేసే కార్యక్రమాలకి బొమ్మ ఒకటే, మాటలు మాత్రం వాళ్ళకి కన్నడం, మాకు తెలుగు.

ఆ ఏడాది నాకు ఇప్పటికీ గుర్తుండటానికి కారణం టీవీ ఒక్కటే కాదు. బొమ్మ ఆగిపోగానే మా మాస్టారు "లేవండి" అని బయటికి తీసుకెళ్ళేవారు. గ్లాసులో నీళ్ళు నింపి కాగితం మూసి తలకిందులు చేయడం, బూతద్దంతో ఆకు ఈనెలు చూడటం, ఏది కుదిరితే అది. టీవీలో గాలి పీడనం గురించి ఎంత చెప్పినా, నీళ్ళు కింద పడకుండా నా చేతిలో నిలబడ్డప్పుడే నమ్మాను. 1976 జూలై 31న ప్రయోగం ముగిసింది, శాటిలైట్ వెనక్కి పోయింది, మా ఊళ్ళో బొమ్మ ఆగిపోయింది. గ్లాసు, కాగితం మాత్రం నేను టీచరయ్యాక కూడా వదల్లేదు.

ఆ రోజుల్లో అహ్మదాబాదులో ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌కి డైరెక్టరు ప్రొఫెసర్ యశ్‌పాల్. తర్వాత దూరదర్శన్‌లో 'టర్నింగ్ పాయింట్' అనే సైన్స్ కార్యక్రమంలో జనం రాసే ప్రశ్నలకి జవాబులు చెప్పింది ఆయనే. హిందీ సగం సగమే అర్థమయ్యేది, అయినా వదలకుండా చూసేవాణ్ణి. చిన్నపిల్లల ప్రశ్నని కూడా పెద్ద ప్రశ్నలా తీసుకునేవారు. 1995లో దీపావళి మర్నాడు, అక్టోబరు 24న, సంపూర్ణ సూర్యగ్రహణాన్ని దూరదర్శన్ ప్రత్యక్షంగా చూపించింది. తలుపులు మూసుకుని కూర్చున్న మా వీధి జనం మా ఇంటికి వచ్చి టీవీలో చూశారు, తర్వాత ఇద్దరు ముగ్గురు బయటికొచ్చి నేను తెచ్చిన గ్రహణం చూసే ప్రత్యేక కళ్ళద్దాల్లోంచి కూడా చూశారు.

ఇక గిజిగాడు. ఆ గూళ్ళు కట్టేది మగపిట్ట. ఇప్పుడు వానాకాలం కాబట్టి అదే పనిలో ఉంటుంది. వరి ఆకుల్నీ గడ్డినీ సన్నటి పీలికలుగా చీల్చి అల్లుతుంది. సగం అల్లాక, హెల్మెట్ ఆకారంలో ఉండగా ఆపి, రెక్కలు కొడుతూ ఆడపిట్టల్ని పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి లోపల చూసుకుని నచ్చితేనే మగపిట్ట మిగతా గొట్టం కడుతుంది, లేకపోతే ఆ గూడు అలాగే వదిలేస్తుంది. పాములకి అందకుండా నీళ్ళ మీదికి వాలిన కొమ్మలూ, ముళ్ళ చెట్లూ, తాటి మట్టలూ వెతుక్కుంటుంది. మీ అబ్బాయిని ఒక నోటుపుస్తకం ఇచ్చి ఆ చెట్టు కిందికి తీసుకెళ్ళు. సగం గూళ్ళు ఎన్ని, పూర్తయినవి ఎన్ని, లెక్క రాయమను.

డబ్బింగ్_రాత:

అక్కా, నేను హైదరాబాదులో ఇలాంటి కార్యక్రమాలకి తెలుగు మాటలు రాస్తాను, అందుకని లోపలి సంగతి చెప్పాలనిపించింది. మీ బాబుకి చీతా వేగం గుర్తుండి పిట్ట పేరు తెలియకపోవడంలో మా తప్పు కూడా ఉంది.

ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది, బొమ్మతో పాటే మాట పడుతుంది. మనకి క్రియ చివర్లో వస్తుంది. "గడ్డిలో పొంచి ఉన్న చిరుత మంద నుంచి వెనకబడ్డ దూడ మీదికి..." అని చదివి "దూకింది" అనేసరికి తెర మీద చిరుత దూకడం, దూడ తప్పించుకోవడం రెండూ అయిపోతాయి. అందుకే మంచి రాతగాడు వాక్యాన్ని తుంచేస్తాడు. "చిరుత పొంచింది. దూడ వెనకబడింది. దూకింది." బొమ్మలో కనిపిస్తున్నదాన్ని మళ్ళీ చెప్పడు. కానీ ఎపిసోడ్‌కి ఒకటి రెండు రోజులు టైమిస్తే ఎవరైనా ఇంగ్లీషు వాక్యం వెంటే పరిగెడతారు, దాంతో వినేవాళ్ళకి పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది.

పేర్ల సంగతి ఇంకా బాధ. అలుగుని పాంగోలిన్ అనీ, దొమ్మలగొండిని హైనా అనీ, రేసుకుక్కని వైల్డ్ డాగ్ అనీ రాయమంటారు, జనానికి అర్థం కాదట. మన ఊళ్ళల్లో ఈ పేర్లు ఎప్పటి నుంచో ఉన్నాయి. కలివికోడి కథే తీసుకోండి. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదని, ఆ పిట్ట అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప దగ్గర రెడ్డిపల్లె వైపు మళ్ళీ దొరికింది, అదీ ఊరివాళ్ళ సాయంతోనే. ఆ చుట్టుపక్కల జనానికి అది ముందు నుంచీ కలివికోడే. ఆ పేరుతో పిలిచే మనుషులు ఉండబట్టే వెతకడం సాధ్యమైంది. నేనైతే కనీసం ఒక్కసారైనా తెలుగు పేరు పెట్టి, తర్వాత ఇంగ్లీషు పేరు వాడతాను. మీరు కూడా బాబు పక్కన కూర్చున్నప్పుడు "దీన్ని మనం దొమ్మలగొండి అంటాం" అని ఒక మాట అనండి, పేరు మనసులో నిలుస్తుంది.

కెమెరా_చూపు:

మాస్టారు చెప్పిందంతా నిజమే, ఒకటి కలుపుతాను. బాబుకి ఇప్పటి నుంచే "ఇది ఎలా తీసి ఉంటారు?" అని అడగడం అలవాటు చేయండి. 1958లో డిస్నీ తీసిన 'వైట్ వైల్డర్‌నెస్' అనే డాక్యుమెంటరీలో లెమ్మింగ్ అనే చిన్న ఎలుకలు గుంపుగా కొండ మీద నుంచి దూకి చచ్చిపోతున్నట్టు చూపించారు. దానికి ఆస్కార్ కూడా వచ్చింది. తీరా చూస్తే ఆ ఎలుకల్ని వేరే చోటు నుంచి తెచ్చి, మనుషులే తోసి తీసిన దృశ్యం అని తర్వాత బయటపడింది. లెమ్మింగులు ఆత్మహత్య చేసుకుంటాయనే అబద్ధం మాత్రం ఇప్పటికీ తిరుగుతోంది.

మనం వినే చప్పుళ్ళు కూడా చాలావరకు స్టూడియోలో కలిపినవే. అర కిలోమీటరు దూరం నుంచి పెద్ద లెన్సుతో తీస్తే జింక గడ్డి నమిలే శబ్దం ఎలా వస్తుంది?

డబ్బింగ్_రాత:

చప్పుళ్ళ మాట నిజమే అన్నా, మా పక్క గదిలోనే చేస్తారు. కానీ అన్నిటినీ మోసం అనకూడదు. 2011లో బీబీసీ 'ఫ్రోజెన్ ప్లానెట్'లో ధ్రువపు ఎలుగు పిల్లల్ని చూపించిన భాగం జూలో తీసిందని పెద్ద గొడవైంది. అడవిలో ఆ గుహలోకి కెమెరా పెడితే తల్లి భయపడి పిల్లల్ని వదిలేసే ప్రమాదం ఉంది కాబట్టి అలా తీయడంలో తప్పు లేదు, కాకపోతే ఆ మాట తెర మీదే చెప్పి ఉండాల్సింది. లెమ్మింగుల్ని తోయడం దీనితో పోల్చేది కాదు, అది ఘోరం.

పీహెచ్‌సీ_డాక్టర్:

తణుకు అమ్మగారూ, మీ మామయ్యగారి విషయం చదివి ఆగలేకపోయాను. ఇలాంటి కేసులు నా దగ్గరికి ప్రతి నెలా వస్తాయి.

ముందు మీకు తెలియాల్సింది, ఆయన చూసింది ఆరోగ్య కార్యక్రమం కాదు, డబ్బు కట్టి కొన్న అరగంట. అలాంటివాటిలో మూలన చిన్న అక్షరాలతో ప్రకటన అని రాసి ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. షుగర్‌ని నయం చేస్తామని ప్రకటించడం మన దేశంలో 1954 నాటి చట్టం ప్రకారమే నేరం, మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం అంటారు దాన్ని. కాబట్టి "మూలం నుంచి పోతుంది" అన్న మాట వినగానే మీకు అనుమానం రావాలి. నిజమైన డాక్టరు టీవీలో కూర్చుంటే పరీక్ష చేయించుకోమంటాడు, వాడుతున్న మందు మానొద్దంటాడు, స్క్రీన్ మీద ఫోన్ నంబరు పెట్టి పొడి అమ్మడు.

ఆయనతో వాదించకండి. నా అనుభవంలో పని చేసేది గ్లూకోమీటరే. ఇంట్లో ఒకటి ఉంచి, పరగడుపున, భోజనం అయ్యాక రెండు గంటలకి ఆయన చేతనే చూపించి కేలండర్ మీద రాయించండి. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష చేయించండి, గత రెండు మూడు నెలల సగటు చెప్పేస్తుంది. తన చేత్తో రాసుకున్న అంకెని ఏ పెద్దాయనా కాదనలేడు. మిగిలిన పొడి పారేయకుండా మీ డాక్టరుకి చూపించండి. కొన్ని పొడుల్లో చెప్పకుండా ఇంగ్లీషు మందులు కలుపుతారు, అది మరీ ప్రమాదం. పొద్దున్నే టీవీ మాత్రం ఆపేయకండి, పెద్దవాళ్ళకి అదొక తోడు. పక్కన కూర్చుని "మామయ్యగారూ, ఈయన ఏమైనా అమ్ముతున్నాడా?" అని ఒక్క ప్రశ్న అడగండి చాలు.

వరి_రైతు:

మీది డెల్టా కదా, 'అన్నదాత' అనే వ్యవసాయ కార్యక్రమం చూపించండి బాబుకి. పిల్లల ప్రోగ్రాం కాదు, నిజమే. కానీ పేనుబంకని అక్షింతల పురుగు తినేది అందులో చూసి మా అమ్మాయి చేలోకి పరిగెత్తి వెతికింది, అలసంద తీగ మీద దొరికింది కూడా.

తణుకు_అమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న మామయ్యగారి చేతికే గ్లూకోమీటర్ ఇచ్చాం, పరగడుపున 168 వచ్చింది. కేలండర్‌లో తనే రాసుకున్నారు, ఏమీ అనలేదు. ఈరోజు పొద్దున టీవీలో ఇంకొకాయన మోకాళ్ళ నూనె గురించి మొదలుపెడితే "వీడు అమ్ముతున్నాడు" అని ఆయనే చానెల్ మార్చారు.

సాయంత్రం తాతా మనవడూ కాలవ గట్టుకి వెళ్ళారు. గిజిగాడి గూళ్ళు మొత్తం 14, అందులో 5 సగంలో ఆగినవి. మాస్టారూ, వాడి ప్రశ్న ఒకటి ఉంది, రాయమన్నాడు. ఆడపిట్టకి నచ్చక వదిలేసిన గూట్లో గడ్డిని మగపిట్ట పీక్కెళ్ళి కొత్త గూటికి వాడుకుంటుందా, లేక మళ్ళీ వరిచేలోకి వెళ్ళి తెచ్చుకుంటుందా?