అభిషేకమా, నమోదా? క్వేకర్ల మాట ఒకటి తెలుగులో

సభ్యులకు నమస్కారం. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. స్వలింగ ప్రేమికులైన ఆడవాళ్లకీ మగవాళ్లకీ తమ సంఘాల్లో ఆధ్యాత్మిక బాధ్యతలు ఇవ్వచ్చా అని వాళ్లలో నడిచిన చర్చ అందులో ముఖ్యం. ‘రికార్డెడ్ మినిస్టర్’ అన్న చోట రెండు రోజులుగా ఆగిపోయాను. మన చర్చిల్లో అలవాటైన మాట కదా అని ‘అభిషేకం పొందిన సేవకులు’ అని రాశాను. తిరిగి చదివితే మనసొప్పలేదు. మీరేమంటారు?

జవాబు: ‘అభిషేకం’ వద్దండీ, దాంతో విషయమే తలకిందులవుతుంది. అభిషేకం అంటే చేసేవారొకరు, చేయించుకునేవారొకరు. అధికారం ఒకరి చేతుల మీదుగా ఇంకొకరికి వస్తుంది. 1650 ప్రాంతంలో ఇంగ్లండులో క్వేకర్లు మొదలైందే దీన్ని కాదని. వాక్యం చెప్పే వరం ఇచ్చేది దేవుడు. అది ఫలానా మనిషిలో ఉందని గుర్తుపట్టి పుస్తకంలో రాసుకోవడం వరకే సంఘం పని. పెళ్లి సంగతీ అంతే. మేమెవరికీ పెళ్లి చేయం, అది ప్రభువు పని, మేము సాక్షులం మాత్రమే అని క్వేకర్లకు మూలపురుషుడైన జార్జ్ ఫాక్స్ 1669లో రాశాడు. మీ వ్యాసానికి ఆయువుపట్టు ఇదే. వరం ఒక లెస్బియన్ స్త్రీలో కనిపించిందనుకోండి, ‘ఆమెకి ఇవ్వచ్చా?’ అన్న ప్రశ్నే రాదు. ఇచ్చినది కళ్లెదుట ఉంది, రాస్తామా మానేస్తామా అన్నదే ప్రశ్న. ‘నమోదైన వాక్యసేవకులు’ అనండి.

అడిగినవారు: ‘నమోదు’ అంటే ఓటర్ల నమోదు, ఆధార్ నమోదు గుర్తొస్తున్నాయండీ. మరీ పొడిగా లేదూ?

జవాబు: ఆ పొడితనమే కావాలి. వాళ్ల సభ నడిపే మనిషిని కూడా ‘క్లర్క్’ అనే అంటారు. ఓట్లుండవు. అందరి మాటా విని, సభ మనసు ఎటు కుదిరిందో కనిపెట్టి, అక్కడికక్కడే రాసి చదివి వినిపించాలి. ‘గుమాస్తా’ అంటే జీతగాడైపోతాడు, ‘అధ్యక్షుడు’ అంటే పెత్తందారు. నాకైతే రాతపని అనే అర్థంలో ‘రాయసం’ అన్న పాత మాట మీద మనసుంది, ‘సభ రాయసకర్త’ అని. అందరికీ తెలియదంటారా, ‘క్లర్క్’ అనే ఉంచండి. ‘నాయకత్వం’ మాత్రం వీలైనంత తక్కువ వాడండి.

బ్రిటన్ క్వేకర్లు 1924లో ఈ నమోదు కూడా మానేశారు, పరిచర్య అందరిదీ అని. అందుకే అక్కడ ఈ చర్చ పాస్టర్ల మీదుగా కాక పెళ్లి మీదుగా తేలింది. 2009లో యార్క్‌లో కూడి, ఆడామగా పెళ్లిళ్లలాగే స్వలింగ జంటల పెళ్లిళ్లనూ తమ సభల్లో జరిపి నమోదు చేయాలని నిర్ణయించారు. అలాంటి పెళ్లిళ్లను ఒప్పుకునే చట్టం ఇంగ్లండులో 2014లో గానీ అమల్లోకి రాలేదు.

మరో సభ్యురాలు: నేను చర్చిలో పెరిగినదాన్ని, ఒక మాట చెప్పాలి. గుర్తుపట్టడమే పని అన్నారు, బాగుంది. దేన్ని బట్టి గుర్తుపట్టాలి? లేఖనమే కొలత అనే క్వేకర్లు తక్కువేం కాదు. ప్రపంచంలో క్వేకర్లు అందరికంటే ఎక్కువ ఉన్నది కెన్యాలో, అక్కడి సంఘాలు దీన్ని గట్టిగా వ్యతిరేకిస్తాయి. వాళ్లని మూర్ఖులుగా చూపించకండి.

జవాబు: నిజమండీ. అమెరికాలో పాస్టర్లున్న క్వేకర్ సంఘాలు విడిపోయింది సరిగ్గా ఈ కొలత దగ్గరే. ఒరెగాన్ వైపు క్వేకర్ సంఘాల కూటమి అయిన నార్త్‌వెస్ట్ వార్షిక సభ 2017లో చీలిపోయింది, బయటికొచ్చినవాళ్లు సియెరా కాస్కేడ్స్ పేరుతో కొత్త సభ పెట్టుకున్నారు. తాము సాక్షులమనే ఇద్దరూ నమ్మారు. ఏం చూశామన్న దగ్గరే తేడా వచ్చింది. నా మనసు ఎటుందో చెప్పేశాను, అయినా ఆ రెండోవైపు బాధని మీ వ్యాసంలో తగ్గించి రాయకండి.

ఇంకొకరు: ‘స్వలింగ సంపర్కులు’ అని రాయనందుకు సంతోషం. ఆ మాట మనిషిని పడకగదికి కుదించేస్తుంది. ఇంగ్లండులో మగవాళ్ల మధ్య ఈ సంబంధం ఇంకా నేరంగా ఉన్న రోజుల్లోనే, 1963లో, కొందరు క్వేకర్లు ఒక చిన్న పుస్తకం వేశారు. బంధాన్ని పై రూపం చూసి కాదు, లోపలి విలువ చూసి తూచాలన్నారు. ఎడమచేతివాటాన్ని చూసి ఎంత విచారిస్తామో దీన్ని చూసీ అంతే, అంతకు మించి అక్కర్లేదన్నారు. తెలుగులో ‘వాటం’ ఎంత చక్కగా అతికిందో చూడండి! నీరు వాటం ఉన్న వైపే పోతుంది. ‘ఎడమ’ని మాత్రం వదలకండి, ఒట్టి ‘చేతివాటం’ అంటే దొంగతనమైపోతుంది. మా ఇంట్లో నా ఎడమచేతి మీద పడ్డ దెబ్బలు నాకింకా గుర్తే, అందుకే ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను.

అడిగినవారు: అందరికీ కృతజ్ఞతలు. వాక్యం ఇలా మార్చాను: ‘ఆమెలోని వరాన్ని సంఘం గుర్తించి, ఆమె పేరును వాక్యసేవకుల్లో నమోదు చేసింది.’ ‘గుర్తించి’, ‘నమోదు చేసింది’ రెండూ ఉండాలా, ఒకటి చాలా?

జవాబు: రెండూ ఉంచండి. మొదటిది జరిగినంత మాత్రాన రెండోది జరిగినట్టు కాదు.