వేరుశనగ అచ్చులు పళ్ళకు అంటుకుంటున్నాయి: తప్పు పాకానిదా, ముసురుదా?

ప్రశ్న (పటమట, విజయవాడ)

అందరికీ నమస్కారం. మా పిల్లలిద్దరికీ బడి నుంచి రాగానే తీపి ఏదో ఒకటి నోట్లో పడాలి. కొట్లో రంగు బిళ్ళలు కొనడం మానేసి, ఇంట్లోనే వేరుశనగ అచ్చులు చేసిపెట్టాలని పట్టుదలగా ఉన్నాను. పదిహేను రోజుల్లో మూడుసార్లు చేశాను. మూడూ మూడు రకాలుగా చెడిపోయాయి.

మొదటిసారి అచ్చు గట్టిపడనే లేదు. కొరికితే తీగలా సాగి పళ్ళకు పట్టుకుంది. చిన్నవాడికి ఒక పన్ను ఊగుతోంది, దానికి అంటుకుంటే ఏడ్చాడు. రెండోసారి పాకం ఎక్కువసేపు ఉంచాను. గట్టిపడింది గాని చేదు. మూడోసారి సాయంత్రానికి చక్కగా పుటుక్కున విరిగింది. ఎంత సంతోషించానో! పళ్ళెంలోనే ఉంచి పైన గుడ్డ కప్పి పడుకున్నాను. తెల్లవారేసరికి ముక్కలన్నీ చెమ్మగిల్లి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వారం రోజులుగా ఇక్కడ ముసురు పట్టి ఉంది.

నా కొలత: వేరుశనగ గుళ్ళు పావు కిలో, బెల్లం పావు కిలో, నీళ్ళు అర గ్లాసు. పాకం పది నిమిషాలు. ఒక వీడియోలో పది నిమిషాలని చెబితే గడియారం చూసుకుంటూ చేశాను. నా తప్పు ఎక్కడుందో దయచేసి చెప్పండి.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు)

అమ్మాయీ, నీవి మూడు వేర్వేరు జబ్బులు. మూడింటికీ ఒకే మందు వేస్తే కుదరదు.

ముందు ఇది గుర్తుపెట్టుకో. అచ్చు పూర్తిగా చల్లారిన గంటకే సాగుతుంటే అది పాకం లోపం. అప్పుడు కరకరలాడి, మర్నాటికి మెత్తబడితే పాకం బాగానే ఉన్నట్టు. లోపం దాచడంలో ఉంది. నీ మూడోసారి పాకం సరిగ్గా కుదిరింది. అనవసరంగా నిన్ను నువ్వు తప్పుపట్టుకోకు.

ఇప్పుడు గడియారం సంగతి. నువ్వు పోసిన నీళ్ళు ఆవిరయ్యేదాకా పాకం ముదరదు. అర గ్లాసు పోస్తే ఒక లెక్క, మూడు చెంచాలు పోస్తే ఇంకో లెక్క. గిన్నె వెడల్పు, మంట, బెల్లంలో తడి, అన్నీ లెక్కను మారుస్తాయి. అందుకని నిమిషాలు నమ్మకు. పావు కిలో బెల్లానికి మూడు నాలుగు చెంచాల నీళ్ళు చాలు, కరగడానికి మాత్రమే. కరిగాక వడకట్టు. ఇసుక, చెరకు పీచు ఏదో ఒకటి ఉంటుంది. తర్వాత అడుగు మందంగా ఉన్న గిన్నెలోకి మార్చి మళ్ళీ పొయ్యి మీద పెట్టు. పల్చటి స్టీలు గిన్నెలో అడుగు మాడుతుంది, పైన పచ్చిగా ఉంటుంది. నీ రెండోసారి చేదు అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

పక్కన వెడల్పు గిన్నెలో చన్నీళ్ళు పెట్టుకో. పాకం నురగలు కట్టి చిక్కబడ్డాక అర చెంచా ఆ నీళ్ళలో వేసి చూస్తూ ఉండు. మొదట కరిగిపోతుంది. కాసేపటికి వేళ్ళతో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండ అవుతుంది. అది అరిసెల పాకం, అచ్చుకు పనికిరాదు. ఇంకొంచెం ముదిరితే ఉండ గట్టిగా ఉంటుంది గాని కొరికితే సాగుతుంది. నువ్వు మొదటిసారి ఇక్కడే దించేశావు. ఇది దాటాక నీళ్ళలో పడిన పాకం పెళుసుగా మారుతుంది. విరిస్తే వంగకుండా విరగాలి, పళ్ళెం మీద వేస్తే టంగుమని మోగాలి, కొరికితే పంటికి అంటకూడదు. అప్పుడే దించాలి.

ఈ చివరి దశలో ప్రతిసారీ మంట పూర్తిగా తగ్గించి పరీక్ష చెయ్యి. నువ్వు నీళ్ళలో చెయ్యి పెట్టి చూసేలోపు పొయ్యి మీద ఉన్నది మాడిపోతుంది. మా అత్తగారు గిన్నెను కిందికి దించి చూసేవారు. ముప్పై ఏళ్ళుగా నేనూ అలాగే దించి చూస్తున్నాను.

జవాబు (తెనాలి, మిఠాయి పని చేసిన అనుభవం ఉంది)

పెద్దమ్మగారు చెప్పిన నీళ్ళ పరీక్షను మించినది లేదు. వంట థర్మామీటరు ఉన్నవాళ్ళ కోసం అంకెలు చెబుతాను. పంచదార పాకం 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తటి ఉండ అవుతుంది. 121 నుంచి 130 మధ్య గట్టి ఉండ. 146 నుంచి 154 మధ్య పెళుసుగా విరిగే పాకం. బెల్లంలో పంచదార కాని పదార్థాలు ఉంటాయి కనుక అంతకంటే ముందే మాడు వాసన మొదలవుతుంది. 140 దాటినప్పటి నుంచి అంకెను పక్కన పెట్టి నీళ్ళ పరీక్షే చేయండి.

అసలు నేను చెప్పాలనుకున్నది బెల్లం గురించి. చాలామంది పాకాన్ని నిందిస్తారు గాని సగం సందర్భాల్లో బెల్లమే పాతది అయి ఉంటుంది. బెల్లంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ సహజంగానే కొంత ఉంటాయి. తడి తగిలి నిల్వ ఉన్న బెల్లంలో అవి ఇంకా పెరుగుతాయి. ఫ్రక్టోజ్ గాలిలోని తేమను గట్టిగా లాగుతుంది. అలాంటి బెల్లంతో ఎంత ముదురు పాకం పట్టినా అచ్చు తొందరగా చెమర్చుతుంది.

కాళేశ్వరరావు మార్కెట్‌లో గాని, గుంటూరు పట్నం బజారులో గాని కొనేటప్పుడు పాకానికి కావాలని చెప్పి అడగండి. ఒక ముక్క విరిచి చూడండి. గట్టిగా విరిగి, లోపల పలుకులు మెరవాలి. వేలితో నొక్కితే దిగిపోయేది వద్దు. నాలుక మీద ఉప్పగా తగిలేది కూడా వద్దు. అనకాపల్లి బెల్లమని పేరు చెప్పి అమ్మినా సరే, విరిచి చూడకుండా తీసుకోకండి. మరీ నిమ్మపండు రంగులో మెరిసే బెల్లం చాలావరకు తెల్లబరచడానికి రసాయనం కలిపినదే. పిల్లలకు చేసేటప్పుడు ముదురు గోధుమ రంగుదే మంచిది. అచ్చు నల్లగా వచ్చినా రుచి బాగుంటుంది.

దించేముందు చిటికెడు వంట సోడా వేసి ఒక్కసారి కలపండి. పాకం పొంగి, సన్నటి బుడగలు పడి, అచ్చు గుల్లగా విరుగుతుంది. చిటికెడే సుమా! ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది.

జవాబు (కొత్తపేట, గుంటూరు)

గుళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు. సన్న మంట మీద కనీసం పన్నెండు, పదిహేను నిమిషాలు వేయించాలి. పెద్ద మంట పెడితే పైన మచ్చలు పడతాయి, లోపల పచ్చిగానే ఉంటాయి. చల్లారాక పొట్టు నలిపి, చేటలో చెరిగి, బద్దలు చేసుకోండి. అంతకంటే ముఖ్యం, వేయించక ముందే ఏరడం. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి ఒక్కటి కూడా ఉంచకండి. వేరుశనగకు పట్టే బూజు విషం వేయిస్తే పోదు. గుప్పెడు గింజలు పారేయడానికి వెనకాడవద్దు.

పాకంలో కలిపే సమయానికి బద్దలు వెచ్చగా ఉండాలి. చల్లటివి వేస్తే పాకం అక్కడికక్కడే బిగుసుకుపోయి పీట మీద పరుచుకోదు.

జవాబు (మొగల్రాజపురం, విజయవాడ)

పటమట అక్కా, దాచే విషయం నేను చెబుతాను. నేనూ విజయవాడ ముసురుతోనే నేర్చుకున్నాను. అచ్చు చల్లారగానే, అంటే అరగంట, ముప్పావు గంటలో, డబ్బాలోకి వెళ్ళిపోవాలి. రాత్రంతా పళ్ళెంలో ఉంచి గుడ్డ కప్పితే గుడ్డ తేమను ఆపలేదు. గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా, ఎండలో బాగా ఆరినది, ముక్కల మధ్య వెన్న కాగితం. వేడిగా ఉండగా మూత పెట్టకండి, ఆవిరి లోపలే నీరవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టనే వద్దు, బయటికి తీయగానే చల్లటి ముక్క మీద చెమ్మ పడుతుంది. రోజూ తినడానికి చిన్న డబ్బా ఒకటి వేరుగా పెట్టుకుంటే పెద్ద డబ్బా మాటిమాటికీ తెరవనక్కరలేదు.

ఇంకొకటి. అచ్చు చేసేటప్పుడు పక్క పొయ్యి మీద కుక్కరు పెట్టకండి. వంటిల్లంతా ఆవిరి నిండుతుంది.

పిల్లలు ఉన్న ఇల్లు కనుక ఇది కూడా చెప్పి తీరాలి. ముదురు పాకం మరిగే నీళ్ళకంటే చాలా వేడి, పైగా చర్మానికి అతుక్కుంటుంది. నా మణికట్టు మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పిల్లలను వంటింట్లోకి రానివ్వకండి. పొరపాటున పడితే వెంటనే కుళాయి కింద ఇరవై నిమిషాలు పారే నీళ్ళు పోయండి. టూత్‌పేస్టు, ఐసు, పసుపు ఏదీ పెట్టకండి. బొబ్బ పెద్దదైతే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. నాలుగైదేళ్ళ లోపు పిల్లలకు గట్టి అచ్చు పెట్టవద్దు, బద్ద గొంతులో అడ్డం పడవచ్చు. వాళ్ళకు గుళ్ళు మెత్తగా దంచి, బెల్లం కలిపి ఉండలు చుట్టి ఇవ్వండి.

ప్రశ్న (లక్ష్మీపురం, గుంటూరు)

ఇదే చర్చలో నాదీ ఒక సందేహం. నిమ్మ బిళ్ళలు చేద్దామని పంచదార పాకం పెడితే, చివరికి గిన్నెలోనే తెల్లగా పలుకు కట్టి మళ్ళీ పంచదార అయిపోయింది. ఎందుకు?

జవాబు (తెనాలి)

మరిగేటప్పుడు గరిటెతో కలిపారా? గిన్నె అంచులకు పంచదార అంటుకుందా? ఈ రెండింటిలో ఒకటి జరిగి ఉంటుంది. ఒక్క పలుకు పాకంలో పడితే చాలు, దాన్ని పట్టుకుని మిగతాదంతా గడ్డకడుతుంది. పంచదార పూర్తిగా కరిగేదాకా కలపండి, మరగడం మొదలయ్యాక ముట్టుకోకండి. తడి గుడ్డతో గాని కుంచెతో గాని అంచులు తుడవండి. పావు కిలో పంచదారకు అర చెంచా నిమ్మరసం మొదట్లోనే వేస్తే కొంత పంచదార విడిపోయి గడ్డకట్టకుండా అడ్డుపడుతుంది. పులుపు కోసమని ఎక్కువ వేయకండి, బిళ్ళలు జిగటగా మారతాయి. పులుపుకు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) పొడి దించిన తర్వాత కలపాలి. గడ్డకట్టినదాన్ని పారేయవద్దు. నీళ్ళు పోసి కరిగించి మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

జవాబు (నరసరావుపేట)

తిరునాళ్ళ జీళ్ళు కూడా ఇదే పాకం. చిన్నప్పుడు కోటప్పకొండ తిరునాళ్ళలో జీళ్ళు లాగేచోట నిలబడిపోతే మా నాన్నగారు చెయ్యి పట్టి లాక్కెళ్ళాల్సి వచ్చేది. పాకాన్ని నూనె రాసిన బండ మీద పోసి, అంచులు లోపలికి మడిచి, చెయ్యి తట్టుకునే వేడికి రాగానే గుంజకు కొట్టిన మేకుకు తగిలించి లాగుతారు. లాగి, మడిచి, మళ్ళీ తగిలించి లాగుతారు. లోపలికి గాలి చేరుతున్నకొద్దీ గోధుమ రంగు పోయి బంగారు రంగు, ఆ తర్వాత ఇంకా తెలుపు వస్తుంది. అందులో రంగు ఏమీ కలపరు, అంతా గాలి పనే. ఇంట్లో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని నెయ్యి రాసుకున్న చేతులతో లాగవచ్చు. జీళ్ళకు పాకం అచ్చుకంటే ఒక్క పిసరు ముందు దించాలి. పూర్తిగా పెళుసుబడితే లాగడానికి రాదు. చివర్లో వేయించిన నువ్వుల్లో దొర్లించి ముక్కలు చేసుకోవాలి.

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ)

మా నాన్నగారికి షుగరు ఉంది. బెల్లంతో చేసినవి పెట్టవచ్చా?

జవాబు (బ్రాడీపేట)

వద్దు నాయనా. బెల్లం కూడా రక్తంలో చక్కెర పెంచుతుంది. వేయించిన గుళ్ళు మాత్రం గుప్పెడు పెట్టు.

అడిగినవారు (పటమట)

పిన్నిగారికి, తెనాలి అన్నగారికి, అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నిన్న వాన ఆగి ఎండ కాసింది. కొత్త బెల్లం విరిచి చూసి తెచ్చాను. నీళ్ళు నాలుగు చెంచాలే పోశాను. గడియారం వైపు చూడలేదు. పాకం ఆరుసార్లు పరీక్షించాను. ఐదోసారి కూడా కొరికితే పంటికి కొంచెం అంటింది. అదివరకైతే దించేసేదాన్ని. ఆరోసారి పళ్ళెం మీద వేస్తే టంగుమంది! సోడా వేసి, చెంచా నెయ్యి వేసి, వెచ్చటి బద్దలు కలిపి, నెయ్యి రాసిన పీట మీద అప్పడాల కర్రతో ఒత్తాను. ఒక్క నిమిషంలో బిగుసుకుపోయింది. గోరువెచ్చగా ఉండగానే చాకుతో గాట్లు పెట్టాను కనుక చల్లారాక గీత మీదే విరిగింది. ముప్పావు గంటలో డబ్బాలో పెట్టేశాను. ఈ రోజు ఉదయం మూత తీస్తే గలగలమన్నాయి. పెద్దది బడికి నాలుగు ముక్కలు పట్టుకెళ్ళింది.

ఒకటే చిక్కు మిగిలింది. గిన్నెకు, అట్లకాడకు పాకం రాయిలా అంటుకుపోయింది. పీచుతో ఎంత తోమినా రావడం లేదు.

జవాబు (బ్రాడీపేట)

తోమకు తల్లీ, గిన్నె గీతలు పడుతుంది. దాని నిండా నీళ్ళు పోసి, అట్లకాడ కూడా అందులోనే వేసి, పొయ్యి మీద ఒక పొంగు రానివ్వు. మొత్తం కరిగిపోతుంది.